భారతదేశంలో ఉపాధి గణాంకాలు: ఆధారాలు, బలాబలాలు

2023–24లో దేశంలో నిరుద్యోగిత రేటు 3.2 శాతమేనని కేంద్ర గణాంక శాఖ సర్వే తేల్చింది. ఆ ఆర్థిక సంవత్సరంలో పనిచేసేవారి సంఖ్య 4.67 కోట్లు పెరిగి 64.33 కోట్లకు చేరిందని రిజర్వ్ బ్యాంక్ అంచనా వేసింది. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ లెక్కల్లో ఆ ఏడాది నికరంగా చేరినవారు దాదాపు 1.3 కోట్ల మంది. ఇటు తెలంగాణలో 2023 జులైలో జరిగిన గ్రూప్‌–4 పరీక్షకు, ఎనిమిది వేల పైచిలుకు పోస్టుల కోసం, దాదాపు 9.5 లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఏదో ఒకటి అబద్ధమై తీరాలనిపిస్తుంది. నిజానికి నాలుగూ ఒకే కాలంలో నిజం కాగలవు. మొదటిది పని కోసం చూస్తూ దొరకనివాళ్ల వాటా. రెండోది సర్వేలో తేలిన వాటాలను జనాభాతో గుణించి తీసిన మొత్తం. మూడోది పీఎఫ్ ఖాతాల రాకపోకలు. నాలుగోది సర్కారు కొలువు మీద ఉన్న ఆశ. ఉపాధి లెక్కల మీద మన దగ్గర జరిగే వాదాల్లో చాలా భాగం, ఒక ఆధారం చెప్పాల్సిన జవాబును ఇంకో ఆధారం నుంచి రాబట్టాలని చూడటం వల్ల పుట్టినవే. ఏ లెక్క ఎవరు తీశారు, ఎవరిని అడిగారు, ఏమని అడిగారు అన్నవి తెలిస్తే ఈ వైరుధ్యాలు చాలామటుకు విడిపోతాయి. అప్పుడు అసలు సంగతి తేటపడుతుంది. భారతదేశంలో పని ఉందా లేదా అన్నదానికన్నా ఉన్న పని ఎలాంటిదన్నదే పెద్ద ప్రశ్న. పత్రికల మొదటి పేజీకెక్కే నిరుద్యోగిత రేటుకు ఆ ప్రశ్నకు బదులిచ్చే శక్తి లేదు.

ఈ మాట కొత్తదేమీ కాదు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ చొరవతో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైన తర్వాత, నిరుద్యోగాన్ని ఎలా కొలవాలన్న చర్చ ఇరవై ఏళ్లు నడిచింది. ప్రణాళికా సంఘం ఎం.ఎల్. దంత్‌వాలా అధ్యక్షతన వేసిన నిపుణుల సంఘం 1970లో నివేదిక ఇస్తూ, సొంత సేద్యం, ఇంటిల్లిపాదీ చేసే పని, రుతువును బట్టి దొరికే కూలీ కలగలిసి ఉన్న దేశంలో నిరుద్యోగాన్ని ఒకే అంకెలో ఇమడ్చడం సరికాదని చెప్పింది. నాట్లప్పుడు, కోతలప్పుడు రెక్కలు ముక్కలు చేసుకుని, ఎండాకాలమంతా పని లేక కూర్చునే వ్యవసాయ కూలీని ఉద్యోగి అనాలా, నిరుద్యోగి అనాలా? ఏడాది మొత్తం మీద చూస్తే ఒక జవాబు వస్తుంది, గడిచిన వారం చూస్తే మరొకటి, రోజుకు రోజు లెక్కేస్తే ఇంకొకటి. ఆ సంఘం ఆలోచనల ఫలితంగానే 1972–73 నాటి 27వ విడత సర్వే నుంచి సాధారణ స్థితి, వారపు స్థితి, దినసరి స్థితి అనే మూడు కొలమానాలు వాడుకలోకి వచ్చాయి. సుమారు ఐదేళ్లకోసారి, 2011–12లో జరిగిన 68వ విడత దాకా, దేశానికి ఉపాధి చిత్రం ఇచ్చినవి ఆ సర్వేలే. యాభై ఏళ్ల కిందట ఆ నిపుణులు చూపిన జాగ్రత్త నేటి శీర్షికల్లో కనిపించకపోవడం విచారకరం.

2017 ఏప్రిల్‌లో ఐదేళ్ల సర్వేల స్థానంలో ఆవర్తన శ్రామిక శక్తి సర్వే, పీఎల్‌ఎఫ్‌ఎస్, మొదలైంది. 2024 దాకా జులై నుంచి జూన్ వరకు ఒక సర్వే సంవత్సరంగా ఉండేది. ఎంపికైన ఒక్కో పల్లెలో, పట్టణపు వార్డుల్లో గీసిన ఒక్కో బ్లాకులో ఎనిమిది ఇళ్ల చొప్పున ఏటా లక్ష ఇళ్లకు పైగా వెళ్లి, ఇంట్లో ప్రతి ఒక్కరి వయసు, చదువు, పని, సంపాదన ట్యాబ్‌లో నమోదు చేసేవారు. గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశారన్నది మొదటి ప్రశ్న. దాన్నిబట్టి పని లేదని తేలినవారు కూడా ఏడాదిలో కనీసం 30 రోజులు ఏదైనా ఆర్థిక కార్యకలాపంలో ఉంటే పనిచేసేవారి జాబితాలోకే వస్తారు. ఇది సాధారణ స్థితి. గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పనిచేశారా అన్నది వారపు స్థితి. వారానికి గంట పనిచేసినవాణ్ణి ఉద్యోగి అంటున్నారు, ఇదంతా మోసం అనే విమర్శ ఎన్నికల సభల దాకా వెళ్లింది. ఆ కోపంలో న్యాయముంది, కానీ గురి తప్పింది. 3.2 శాతమన్నది సాధారణ స్థితి లెక్క. గంట నియమానికి అందులో చోటు లేదు. గంట నియమంతో తీసిన వారపు రేటు అదే ఏడాది 4.9 శాతం, అంటే ఎక్కువే వచ్చింది. గంట నియమం 1982లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సమావేశం పెట్టినది. దేశోత్పత్తిలో కలిసే ప్రతి శ్రమా లెక్కలోకి రావాలన్నది దాని ఉద్దేశం. అసలు లోపం వేరే చోట ఉంది. వారంలో రెండు రోజులే కూలీ దొరికినవాడు ఈ రెండు కొలమానాల్లోనూ పని ఉన్నవాడే. అతని మిగతా ఐదు రోజుల ఖాళీని పట్టుకోవడానికే దంత్‌వాలా సంఘం తర్వాత దినసరి స్థితి వచ్చింది. పీఎల్‌ఎఫ్‌ఎస్ కూడా రోజువారీ పనిగంటలు నమోదు చేస్తుంది, కానీ ప్రకటనల్లో వాటికి దక్కే చోటు తక్కువ. విమర్శించేవాళ్లు అడగాల్సింది ఆ చోటు గురించే.

ఈ సర్వే బలమూ బలహీనతా రెండూ గడప దగ్గరే బయటపడతాయి. అనంతపురం జిల్లా పల్లెలో రెండు గేదెలున్న ఇల్లు అనుకుందాం. ఇంటామె తెల్లవారకముందే లేచి పేడ తీస్తుంది, పాలు పిండి కేంద్రంలో పోసి వస్తుంది, మధ్యాహ్నం గట్ల మీద గడ్డి కోసుకొస్తుంది. పాల డబ్బు భర్త ఖాతాలో పడుతుంది. సర్వేకి వచ్చినాయన ‘‘మీరేం పని చేస్తారమ్మా?’’ అని అడిగితే, ‘‘ఏం లేదండి, ఇంట్లోనే ఉంటా’’ అంటుంది. చాలాసార్లు ఆమెను అడగడం కూడా ఉండదు. ఇంట్లో ఎవరు దొరికితే వారే అందరి గురించీ చెబుతారు. అక్కడితో ఆగితే ఆమె పేరు పక్కన 92 పడుతుంది: ఇంటిపనులు మాత్రమే చేసే మనిషి. కట్టెలు, గడ్డి ఇంటి అవసరానికి తెస్తుందని నమోదైతే 93. ఈ రెండు సంకేతాలూ శ్రామిక శక్తికి బయటివే. ‘‘పాలు అమ్ముతారా? గేదెల పని ఎవరు చూస్తారు?’’ అని ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే 21 పడుతుంది: ఇంటి వ్యాపకంలో జీతం లేని సహాయకురాలు. అప్పుడు ఆమె శ్రామికురాలు. గేదెలు అవే, మనిషీ ఆమే, మారింది ప్రశ్న. ఇలాంటి ఇళ్లు కోట్లలో ఉన్న దేశంలో ప్రశ్న అడిగే తీరు ఏ కొంచెం మారినా జాతీయ అంకె కదులుతుంది.

అందుకే 15 ఏళ్లు పైబడిన మహిళల శ్రామిక భాగస్వామ్యం 2017–18లో 23.3 శాతం నుంచి 2023–24లో 41.7 శాతానికి పెరగడం ఇన్ని వాదాలకు దారితీసింది. ఆరేళ్లలో ఇంత పెరుగుదల ప్రపంచంలో ఎక్కడైనా అరుదే. కుళాయి నీళ్లు, గ్యాస్ వచ్చి ఆడవాళ్లకు సమయం మిగిలిందని కొందరు, రాబడి చాలక పనిలోకి దిగారని కొందరు, సర్వే సిబ్బంది ఇంతకు ముందు పట్టించుకోని పనిని ఇప్పుడు రాస్తున్నారని ఇంకొందరు అంటున్నారు. మూడింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. కానీ అదే సర్వే లోపలి పట్టికలు ఒక వైపు గట్టిగా మొగ్గుతున్నాయి. మొత్తం శ్రామికుల్లో స్వయం ఉపాధి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది. అందులో జీతం లేని సహాయకుల వాటా 13.6 నుంచి 19.4 శాతానికి వెళ్లింది. నెల జీతం మీద పనిచేసేవారి వాటా 22.8 నుంచి 21.7కు, రోజు కూలీల వాటా 24.9 నుంచి 19.8కి తగ్గాయి. కొత్తగా లెక్కలోకి వచ్చిన ఆడవాళ్లలో ఎక్కువమంది చేరింది పొలంలోకి, ఇంటి వ్యాపకంలోకి. ఇంటి చాకిరీ దించుకుని బయటికి వచ్చారనడానికి సమయ వినియోగ సర్వే కూడా పెద్దగా ఊతమివ్వదు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 2019లో 299 నిమిషాలు, 2024లో 289 నిమిషాలు వెచ్చించారు. ఆ పని చేసే మగవాళ్ల సగటు 97 నుంచి 88 నిమిషాలకు పడిపోయింది. పైగా 2013లో అంతర్జాతీయ నిర్వచనం మారి, సొంత తిండికోసం పండించుకోవడం పనే అయినా ఉపాధి కాదని తేల్చింది. మన సర్వే దాన్ని ఇంకా ఉపాధిగానే లెక్కపెడుతోంది. 41.7ను వేరే దేశాల అంకెల పక్కన పెట్టేవారు ఈ తేడా సంగతి చెప్పి తీరాలి.

నిరుద్యోగిత రేటు దగ్గరికి తిరిగి వస్తే, దాన్ని తలకిందులుగా చదివే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 2023–24లో కేరళ రేటు 7.2 శాతం, మధ్యప్రదేశ్ రేటు 1 శాతం. బతుకు మధ్యప్రదేశ్‌లో మెరుగని ఎవరూ అనరు. నిరుద్యోగిగా నమోదు కావాలంటే పని లేకుండా ఉంటూ పనికి సిద్ధంగా ఉండాలి, అంటే ఆ రోజుల్లో ఎవరో ఒకరు పోషించాలి. పేదవాడికి అలాంటి వెసులుబాటు లేదు. ఏ పని దొరికితే ఆ పనికి, ఎంత ఇస్తే అంతకు వెళతాడు. చదువుకుని, ఇంట్లో కాస్త ఆసరా ఉన్న యువత మాత్రమే తగిన కొలువు కోసం ఆగగలదు. 15–29 ఏళ్ల వారిలో రేటు 2023–24లో 10.2 శాతం ఉండటానికి కారణమిదే. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కు చదివే డిగ్రీ పట్టభద్రుడు ఇంటి నుంచి డబ్బు వచ్చినన్నాళ్లూ నిరుద్యోగి. డబ్బు ఆగిపోయి సాయంత్రాలు బండి మీద డెలివరీలకు తిరిగితే ఆ వారం నుంచే ఉపాధి ఉన్నవాడు. అతని కష్టం పెరిగింది, రేటు తగ్గింది. ఇది సర్వే తప్పు కాదు; ఆ రేటుకు అప్పజెప్పిన పని అంతవరకే. ఇక తెలంగాణ 4.8, ఆంధ్రప్రదేశ్ 4.1 వంటి తేడాల మీద సంపాదకీయాలు రాయడం వృథా. రాష్ట్ర స్థాయిలో నమూనా చిన్నదవుతుంది, అంకె చుట్టూ దోషపు మేర పెరుగుతుంది. ఒక ఏడాది ఎక్కిన పాయింటు మరో ఏడాది దిగడానికి పెద్ద కారణం ఉండనక్కర్లేదు.

కాలాల మధ్య పోలికలో ఇంకా జాగ్రత్త కావాలి. తొలి పీఎల్‌ఎఫ్‌ఎస్ నివేదిక 2018 డిసెంబరులో జాతీయ గణాంక కమిషన్ ఆమోదం పొందినా విడుదల కాలేదు. 2019 జనవరిలో కమిషన్ తాత్కాలిక అధ్యక్షుడు పి.సి. మోహనన్, సభ్యురాలు జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. వెంటనే బిజినెస్ స్టాండర్డ్ పత్రిక, నిరుద్యోగిత రేటు 6.1 శాతమంటున్న ఆ నివేదిక సారాంశం ప్రచురించింది. ప్రభుత్వం దాన్ని ముసాయిదా అంది; ఎన్నికలు ముగిశాక, మే 31న, అదే 6.1 శాతంతో నివేదిక బయటికొచ్చింది. 2011–12లో ఈ రేటు 2.2 శాతం. ఇళ్లను ఎంపికచేసే పద్ధతి మారింది, ఆస్తిపాస్తుల స్థానంలో చదువుకున్నవారి సంఖ్య ప్రాతిపదికైంది, కాబట్టి రెంటినీ పోల్చకూడదని అధికారులు వాదించారు. ఆ వాదనకు కొంత విలువ ఉన్నా పూర్తిగా నిలవదు. ఏ వర్గం నుంచి ఎన్ని ఇళ్లు ఎక్కువ తీసుకున్నారో దాన్నిబట్టి బరువులు సరిచేస్తారు గనుక ఎంపిక పద్ధతి ఒక్కటే రేటును దాదాపు మూడింతలు చేయలేదు. నిర్వచనాలు మారలేదు. రేటు ఎంత పెరిగిందన్నదాని మీద తగువుండవచ్చు, పెరిగిందన్నదాని మీద కాదు. తెలుగు పాఠకులకు ఇందులో ఇంకో చిక్కుంది: 2011–12 పట్టికల్లో ఆంధ్రప్రదేశ్ అంటే ఉమ్మడి రాష్ట్రం. నేటి ఆంధ్రప్రదేశ్‌తో గానీ తెలంగాణతో గానీ పోల్చాలంటే అచ్చువేసిన నివేదిక చాలదు, ఇంటి స్థాయి దత్తాంశాన్ని జిల్లాలవారీగా విడదీసుకోవాలి. ఆ జిల్లాలు కూడా తర్వాత తెలంగాణలో 33, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటికి 26 అయ్యాయి.

2025 జనవరి నుంచి సర్వే స్వరూపం మళ్లీ మారింది. ఒక్కో చోట పన్నెండేసి ఇళ్లు, మొత్తం 22,692 చోట్ల, 2.72 లక్షల ఇళ్లు. పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఒకే ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళ్లడం. ప్రతి నెలా ఫలితాలు. 2025 మే 15న వెలువడిన తొలి నెలవారీ ప్రకటనలో ఏప్రిల్ రేటు 5.1 శాతం. అంతకు ముందు 3.2 కదా, ఇప్పుడు 5.1 అయిందని అనుకోవడం పొరపాటు. నెలవారీ అంకె వారపు స్థితిది, 3.2 ఏడాది స్థితిది. ఖరీఫ్ పనులు మొదలైతే దిగి, ఆగితే ఎక్కే ఆ అంకెను పోల్చాల్సింది నిరుడు అదే నెలతో.

ప్రభుత్వ లెక్కను నమ్మలేం, ప్రైవేటు లెక్క చూద్దాం అనేవారు సీఎంఐఈ సంస్థ వినియోగదారుల పిరమిడ్ సర్వేను ఆశ్రయిస్తారు. 2014 నుంచి ఒకే ఇళ్లకు నాలుగు నెలలకోసారి తిరిగి వెళ్లడం దాని పెద్ద బలం. లాక్‌డౌన్‌లోనూ ఫోన్ మీద సర్వే ఆపలేదు. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగం 23 శాతం దాటిందని దేశానికి మొదట చెప్పింది వాళ్లే. ఆ ఏడాది ఏప్రిల్–జూన్‌లో పట్టణ ప్రాంతాల వారపు రేటు 20 శాతం దాటిందని పీఎల్‌ఎఫ్‌ఎస్ కూడా చెప్పింది, కానీ 2021లో. ఇంకా చూడండి: లాక్‌డౌన్ కలిసిన 2019–20 సర్వే సంవత్సరంలో సాధారణ స్థితి రేటు 5.8 నుంచి 4.8కి తగ్గింది. మూడు నెలల విపత్తు 365 రోజుల కొలతలో కనిపించకుండా పోయింది, నగరాల నుంచి ఇంటికి చేరినవాళ్లు పొలం పనిలో లెక్కకొచ్చారు. అయితే ప్రైవేటుది గనుక నిక్కచ్చి అనుకోవడానికీ లేదు. ఈ సర్వే నమూనాలో పేద, నిరక్షరాస్య కుటుంబాలు ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉన్నాయని, ఆ లోటు కాలంతోపాటు పెరిగిందని జ్యాఁ డ్రేజ్, అన్మోల్ సోమంచి 2021లో వేరే జాతీయ సర్వేలతో పోల్చి చూపారు. పల్లెలో ప్రధాన వీధి నుంచి ఇళ్ల ఎంపిక మొదలుపెడితే ఊరి చివరి వాడలు వెనకబడతాయన్నది వారి ఆక్షేపణల్లో ఒకటి. సంస్థ అధిపతి మహేశ్ వ్యాస్ దానికి సమాధానం రాశారు. మహిళల భాగస్వామ్యాన్ని పది శాతం చుట్టుపక్కల చూపే ఈ సర్వే, ఇందాకటి గేదెల ఇంటామెను లెక్కలోకి తీసుకోదు. సీఎంఐఈ అంకెను సీఎంఐఈ పాత అంకెతోనే, నెల నుంచి నెలకు వచ్చే కుదుపును గమనించడానికి చూడాలి. స్థాయిల కోసం కాదు.

నమూనా సర్వే ఎందుకు, కోట్లమంది రికార్డులు కంప్యూటర్లలో ఉండగా అన్నది మరో అభ్యంతరం. 2018 ఏప్రిల్ నుంచి భవిష్య నిధి సంస్థ నెలనెలా కొత్త చందాదారుల లెక్క ప్రకటిస్తోంది. కోట్ల ఖాతాలు, ఊహలకు తావు లేదు. కానీ రికార్డు పుట్టింది చందా వసూలుకు, ఉద్యోగాలు లెక్కపెట్టడానికి కాదు. 1952 చట్టం 20 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకే తప్పనిసరి. పద్దెనిమిది మందితో నడిచే దుకాణంలో ఇంకో ఇద్దరు చేరితే పట్టికలో ఇరవై ఉద్యోగాలు కనిపిస్తాయి, నిజంగా పెరిగినవి రెండే. యజమాని వాటా ప్రభుత్వమే భరించే పథకాలు 2016లో, మళ్లీ 2020లో వచ్చినప్పుడు పాత పనివాళ్లనే కొత్తగా నమోదు చేసే మొగ్గు సహజం. ఉద్యోగం మానేసినవారి లెక్క ఆలస్యంగా చేరుతుంది గనుక తొలి అంకె తర్వాత మారుతూ ఉంటుంది. ఒక కొలబద్ద చాలు: 2022–23లో వార్షిక పరిశ్రమల సర్వే కిందికి వచ్చే ఫ్యాక్టరీలన్నిటిలో పనిచేసేవారు సుమారు 1.85 కోట్ల మంది. పీఎఫ్ ఒక్క ఏడాది నికర చేరిక 1.3 కోట్లు. అన్నీ కొత్త ఉద్యోగాలే అయితే రెండేళ్లలోపే దేశపు ఫ్యాక్టరీ కార్మికులందరికీ సమానమైన సంఖ్య పుట్టుకు రావాలి. జీతగాళ్ల వాటా మాత్రం పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో పెరగలేదు. ఈ దత్తాంశం పనికిరాదని కాదు. అసంఘటితంగా ఉన్న పని చట్టం నీడలోకి ఎంత వేగంగా వస్తోందో దీనికన్నా బాగా చూపేది లేదు, అది కార్మికుడికి చిన్న మేలు కాదు. పేరు మాత్రం సరిగ్గా పెట్టాలి. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల రిజిస్టర్లకూ ఈ–శ్రమ్ పోర్టల్‌లో చేరిన 30 కోట్లకు పైగా పేర్లకూ ఇదే వర్తిస్తుంది: నమోదు చేసుకున్నవారిలో ఉద్యోగం ఉన్నవాళ్లుంటారు, చేసుకోనివాళ్లలో పని లేనివాళ్లుంటారు.

పాలనా రికార్డు ఎప్పుడు గట్టి ఆధారమవుతుందో తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం జాబ్‌కార్డులు, మస్టర్లు, చెల్లింపులు పని దినాల లెక్కతో సహా బయట పెట్టింది. కరవు ఏడాది, లాక్‌డౌన్ ఏడాది పల్లెల్లో పని ఆకలి ఎంత పెరిగిందో ఆ పని దినాల్లో కనిపిస్తుంది. మస్టరులో దొంగ పేర్లుంటే? ఆ ప్రశ్నకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో సామాజిక తనిఖీ సంస్థను నెలకొల్పి జవాబిచ్చింది. రికార్డును ఊళ్లోనే చదివి వినిపించి, పని చేశావా, డబ్బు ముట్టిందా అని కూలీనే అడగడం గణాంకాల నాణ్యతకు ఈ దేశంలో దొరికిన మంచి పరీక్షల్లో ఒకటి. అయినా ఒక లోపం మిగిలింది. పని అడిగినవారికి తేదీ వేసిన రసీదు ఇవ్వాలని చట్టం చెప్పినా చాలాచోట్ల ఇవ్వలేదు. రసీదు లేని అభ్యర్థన కంప్యూటర్‌కెక్కదు. నిధులు తగ్గించిన ఏడాది పని దినాలు తగ్గితే దాన్ని ఊళ్లో పని దొరుకుతోందనడానికి రుజువుగా చూపడం అన్యాయం.

సంస్థలను అడిగే సర్వేలు ఇళ్ల సర్వేలకు మరో పార్శ్వం. పరిశ్రమల సర్వే విద్యుత్తు వాడే పది మంది, వాడని ఇరవై మంది పైబడిన ఫ్యాక్టరీలను చూస్తుంది; అకౌంటు పుస్తకాల నుంచి వస్తుంది గనుక జీతాలు, కాంట్రాక్టు కార్మికుల వాటా బాగా తెలుస్తాయి, ఫలితాలు ఆలస్యంగా వస్తాయి. వ్యవసాయేతర అసంఘటిత సంస్థల సర్వే ప్రకారం 2023–24లో అలాంటి సంస్థలు 7.34 కోట్లు, వాటిలో పనిచేసేవారు 12.06 కోట్లు. సంస్థకు ఇద్దరు కూడా లేరు. దేశంలో ఉపాధి అంటే ఏమిటో ఈ భాగహారం చాలా అంకెలకన్నా నేరుగా చెబుతుంది. రిజర్వ్ బ్యాంక్ వాడే క్లెమ్స్ దత్తాంశం అసలు కొత్త సర్వేనే కాదు. ప్రధానంగా ఇళ్ల సర్వే వాటాలను అంచనా జనాభాతో గుణించి తీస్తారు. జీతం లేని సహాయకురాళ్లు సర్వేలో పెరిగితే 4.67 కోట్లలో వాళ్లూ ఉంటారు. ఉత్పాదకత లెక్కకు అది అవసరమే. ఉద్యోగ కల్పన ప్రకటనకు ఆధారంగా చాలదు.

ఈ సర్వేల్లో ఏదీ సరిగా చూడలేని మనుషులున్నారు. ఆరు నెలలకు మించి ఊరు విడిచినవారు ఆ ఇంటి సభ్యులుగా లెక్కకు రారు. నగరంలో కట్టే భవనం పక్కన రేకుల షెడ్లలో ఉండే పాలమూరు కూలీ ఊళ్లో లేడు. చేరిన చోట షెడ్డు ఏ జాబితాలోనూ లేకపోవచ్చు, జాబితా కొత్తదయ్యేలోపు భవనం పూర్తై మరో చోటికి వెళ్లిపోతాడు. స్థిరమైన చోటు లేనివారు సర్వే పరిధిలోనే లేరు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు దేశపు శ్రామిక శక్తిలో కనిపించరు. వాళ్లు పంపే డబ్బు మీద బతికే తల్లిదండ్రులకు అద్దెలు, పింఛన్లు తినేవారితో కలిపి ఒకే సంకేతం, 94, ఉంది. వలస అనుమతుల రికార్డు అనుమతి తప్పనిసరైన పాస్‌పోర్టుల మీద వెళ్లేవారికే పరిమితం; విజిట్ వీసా మీద వెళ్లి అక్కడే పని వెతుక్కునేవారు అందులో ఉండరు. గల్ఫ్ సంక్షోభం వచ్చినప్పుడల్లా ఎంతమంది తిరిగి రావాలో తెలియక రెండు తెలుగు రాష్ట్రాలూ తడుముకోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఇన్ని లోపాలుంటే ఈ అంకెలను నమ్మడమెందుకని విసుగు చెందడం సులువు. కానీ లోపం ఎటు వైపు, ఎంత అని తెలిసిన కొలత, కొలతే లేకపోవడంకన్నా ఎంతో మేలు. పీఎల్‌ఎఫ్‌ఎస్ ఇంటి స్థాయి దత్తాంశాన్ని ఎవరైనా దించుకుని పరీక్షించుకోవచ్చు. ప్రభుత్వ వాదనను ఖండించిన పరిశోధకులు వాడింది కూడా ఆ దత్తాంశాన్నే. దాన్ని కాపాడుకోవాలి, సకాలంలో వచ్చేలా పట్టుబట్టాలి. అన్నిటికన్నా ముందు కావలసింది జనగణన. సర్వేకు పల్లెల జాబితా, మొత్తాలు తీయడానికి జనాభా అంచనా, రెండూ 2011 జనగణన మీద ఆధారపడినవే. 2021లో జరగాల్సింది కోవిడ్‌తో ఆగి, 2027 మార్చి 1 ఆధార తేదీగా ఖరారైంది. అది వచ్చేదాకా వాటాలను నమ్మవచ్చు, కోట్లలో చెప్పే మొత్తాలను ఆచితూచి తీసుకోవాలి. గణకులు గానీ సర్వే సిబ్బంది గానీ మీ గడపకు వచ్చినప్పుడు, ఇంట్లో ఆడవాళ్ల పని గురించి వాళ్లనే మాట్లాడనివ్వండి. పొలం, పాడి, కుట్టు మిషన్, బీడీలు, కొట్టు దగ్గర కూర్చోవడం, ఏ పని చేస్తే ఆ పని పేరు చెప్పి రాయించండి.